రైలు కంపెనీ రాసిన స్థలపురాణం

ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ఏటా జనవరి ఆఖరి శనివారం నాడు ముహూర్తం పెట్టుకుని మరీ దొంగలు పడతారు. ఎన్నింటికి వస్తారో, ఏ దారిన వస్తారో, దోపిడీ పూర్తయ్యేదాకా ఏయే రోడ్లు మూసి ఉంచుతారో అందరికీ ముందే చెబుతారు. దొంగలకు పోలీసులే బందోబస్తు. మేయరు మొదట కాస్త బెట్టు చేసి, ఆనక నగరం తాళంచెవి దొంగల నాయకుడి చేతిలో పెట్టాలి, అది ఆచారం. 2019లో మేయరైన జేన్ కాస్టర్ అంతకుముందు అదే ఊరికి పోలీసు చీఫ్‌గా పనిచేశారు. దొంగలు అంత ధీమాగా ఊళ్లోకి రావడంలో వింతేముంది?

ఈ దొంగల క్లబ్బు పేరు ‘యీ మిస్టిక్ క్రూ ఆఫ్ గాస్పరిల్లా’. 1904లో పుట్టింది. టాంపాలో మే ఉత్సవం ఒకటి జరిగేది. దానికి కాస్త ఉప్పూకారం తగిలించాలని స్థానిక పత్రికలో పెద్దింటి విందువినోదాల వార్తలు చూసే లూయీస్ ఫ్రాన్సిస్ డాడ్జ్, జార్జ్ హార్డీ అనే ప్రభుత్వాధికారి ఆలోచించారు. హార్డీ న్యూ ఆర్లీన్స్‌లో మార్డీగ్రా పండుగ ఊరేగింపులు చూసినవాడు. అక్కడ ముసుగు వేషాల సంఘాలు 1857 నుంచీ ఉన్నాయి. అక్కడినుంచే వేషాలు అద్దెకు తెప్పించి, ఊరి షావుకార్లకు తొడిగి, నగరం మీదికి తోలారు. ఆ మొదటి ఏడు వాళ్లు వచ్చింది గుర్రాలెక్కి. సముద్రపు దొంగలు, గుర్రాల మీద!

ఇప్పుడు వాళ్లకు ఓడ ఉంది. 1954లో ప్రత్యేకంగా కట్టించుకున్నారు. 165 అడుగుల పొడవు, మూడు తెరచాప స్తంభాలు, చూడటానికి మహా దర్జా. అడుగు మాత్రం బల్లపరుపు, ఇంజను లేదు. టగ్గు పడవలు తోస్తే తప్ప అంగుళం కదలదు. అది వచ్చి ఆగేది కన్వెన్షన్ సెంటర్ పక్కన, 2025 జూలైలో నాట్స్ అనే అమెరికా తెలుగు సంఘం వాళ్ల సంబరాలు జరిగిన చోటే. ఆ వారాంతంలో అక్కడ ఫోటోలు దిగిన మనవాళ్లకు ఇది దొంగలరేవని ఎవరైనా చెప్పారో లేదో.

ఇంతకీ ఈ హంగామా ఎవరి పేరున? హోసే గాస్పర్ అనే స్పెయిన్ దేశపు గజదొంగ పేరున. 1756లో పుట్టాడట. రాజుగారి నౌకాదళంలో ఉంటూ తిరగబడ్డాడట. ఫ్లోరిడా పడమటి తీరాన దీవుల మాటున కాపురం పెట్టి, దొరికిన ఓడనల్లా దోచాడట. చెరపట్టిన స్త్రీలను క్యాప్టివా దీవిలో దాచేవాడట. చివరికి 1821లో, అంటే ఫ్లోరిడా అమెరికా వశమైన ఏడు, ఇక చాలనుకుని సొత్తు పంచుకుంటూ ఉండగా దూరాన ఒక వర్తకుల ఓడ కనబడిందట. ఆఖరి వేట అనుకుని వెంటపడితే అది మారువేషంలో ఉన్న అమెరికా యుద్ధనౌక ‘ఎంటర్‌ప్రైజ్’ అట. చిక్కడం ఇష్టంలేక లంగరు గొలుసు నడుముకు చుట్టుకుని సముద్రంలోకి దూకాడట. లెక్క కడితే అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు. ఆ వయసులో లంగరు గొలుసు ఎత్తగలిగినవాడు కచ్చితంగా పురాణపురుషుడే.

పురాణపురుషుడే మరి, మనిషి కాడు. స్పెయిన్ నౌకాదళపు కాగితాల్లో అతని జాడ లేదు. అమెరికా నౌకాదళపు కాగితాల్లోనూ లేదు. ‘ఎంటర్‌ప్రైజ్’ ఆ ఏడు క్యూబా దగ్గర సముద్రపు దొంగల్ని తరిమిన మాట నిజమే గానీ వాళ్లలో గాస్పర్ అనేవాడు లేడు. అదే తీరంలోని గాస్పరిల్లా దీవికి ఆ పేరు ఈ దొంగ వల్లే వచ్చిందంటారు. అతను దొంగతనం మొదలుపెట్టాడని చెప్పే కాలానికి ముందే ఆ పేరు పటాల్లో ఉంది. కొడుకు పేరు చూసి తండ్రికి నామకరణం చేశారన్నమాట.

మరి కథ ఎక్కడిది? పాంథర్ కీ అనే చిన్న దీవిలో హువాన్ గోమెజ్ అనే వృద్ధుడు ఉండేవాడు. వందేళ్లు ఎప్పుడో దాటాయని చెప్పుకునేవాడు. వచ్చినవాళ్లకు దొంగల కథలు పోసేవాడు. 1900లో పోయాడు. పోయినవాడి నోటినుంచి ఎన్ని కథలైనా చెప్పించవచ్చు, కాదనడానికి రాడు. చార్లెట్ హార్బర్ అండ్ నార్తర్న్ అనే రైలు కంపెనీ ఫాస్ఫేటు మోయడానికి గాస్పరిల్లా దీవిలోని బోకా గ్రాండే దాకా పట్టాలు వేసింది. పట్టాల చివర విహారయాత్రికుల కోసం హోటలూ లేచింది. ఫాస్ఫేటు గుట్ట చూడటానికి చలికాలంలో న్యూయార్కు నుంచి ఎవడొస్తాడు? కాబట్టి కరపత్రం అచ్చేసి, గోమెజ్ చెప్పాడంటూ అందులో గాస్పర్‌ను ప్రతిష్ఠించారు. అతని గురించి మనకు దొరుకుతున్న మొట్టమొదటి జీవిత చరిత్ర ఆ హోటలు ప్రచారపత్రమే. 1923లో ఫ్రాన్సిస్ బ్రాడ్లీ అనే రచయిత వెస్టిండీస్ సముద్రపు దొంగతనాల మీద పుస్తకం రాస్తూ దాన్ని నిజమనుకుని ఎక్కించేశాడు. ఇంకేం, కరపత్రానికి అట్ట పడింది. అట్ట ఉన్నదల్లా చరిత్రే కదా! ఆ తరవాతి పుస్తకాలు ఆ పుస్తకాన్ని చూపించాయి.

“అందరికీ తెలుసు అది కల్పనని, సరదా కోసం చేసుకుంటాం” అంటారు క్లబ్బు వారు. సరదాకు నేను అడ్డం కాదు. పైగా ఇలాంటి క్లబ్బులు ఇప్పుడు యాభైకి పైగా ఉన్నాయి. విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు, ఆసుపత్రుల్లో పిల్లల పలకరింపులు, విరాళాల సేకరణ, అన్నీ చేస్తాయి, దొంగవేషంలోనే. పసిపిల్లలకు మద్యం లేని ఊరేగింపు విడిగా ఉంది. పెద్దవాళ్ల ఊరేగింపు సంగతి దాన్నిబట్టే ఊహించుకోండి. నాలుగున్నర మైళ్ల దారి పొడుగునా ప్లాస్టిక్ పూసల దండలు విసురుతారు. దోచుకోవలసిన దొంగలు పంచిపెట్టి పోతారు. దోపిడీ పాలయ్యేది పక్కనున్న అఖాతమే. దండలు నీళ్లలో వేయకండి బాబూ అని జనాన్ని బతిమాలుకోవాల్సి వస్తోంది.

కానీ మన పగటివేషగాడి నిజాయితీ వీళ్లకు లేదు. అతను రోజుకో వేషం కట్టి ఇంటింటికీ తిరిగినా, ఆఖరిరోజు మామూలు బట్టల్లో గుమ్మం ముందు నిలబడి, ఫలానావాణ్ని నేనేనండీ అని చెప్పి సంభావన అడుగుతాడు. టాంపా పెద్దలు వేషం విప్పడానికి ఎన్నడూ తొందరపడలేదు. 1991 జనవరిలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ ఆ ఊళ్లో జరగబోతున్నప్పుడు, దేశమంతా చూస్తుందన్న వేళ, ఒక ప్రశ్న వచ్చింది: ఈ క్లబ్బులో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడేమి? నగరాన్ని దోచుకున్నా ఫరవాలేదు గానీ సభ్యత్వం తెరవడమంటే ఆలోచించాలి కదా! ఆ ఏడు ఊరేగింపే రద్దు చేసుకున్నారు. నగరం హడావిడిగా ‘బాంబోలియో’ అని మరో ఉత్సవం పెట్టింది. మరుసటి ఏడు నల్లజాతి సభ్యులు కొందరు చేరారు, దొంగలు మళ్లీ వచ్చారు.

అసలు నా పేచీ వేరే. ఈ ఊరికి నిజమైన ఓడ కథ లేకపోతే అద్దెకు తెచ్చుకున్నా అర్థముంది. టాంపాను టాంపా చేసింది ఈబర్ సిటీ చుట్టకర్మాగారాలు. 1880లలో మొదలైన ఆ పేటలో క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వచ్చినవాళ్లు చుట్టలు చుట్టేవారు. వాళ్లు చుడుతూ ఉంటే ఎత్తయిన పీటమీద కూర్చుని ఒకతను పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. అతనికి జీతం కార్మికులే చందాలు వేసుకుని ఇచ్చేవారు. 1901లో ‘లా రెసిస్టెన్సియా’ అనే వాళ్ల సంఘం సమ్మెకట్టింది. ఆగస్టులో ఊరి గౌరవనీయులు ఒక కమిటీగా ఏర్పడి, పదమూడు మంది సమ్మె నాయకుల్ని ఎత్తుకుపోయి, ఓడెక్కించి, తిరిగొస్తే ప్రాణాలుండవని బెదిరించి, హోండురాస్‌లో జనసంచారం లేని తీరాన దింపేసి వచ్చారు.

మనుషుల్ని ఎత్తుకుపోవడం, ఓడ, నిర్జన తీరం. ఏం తక్కువైంది? అది జరిగిన మూడేళ్లకే అదే ఊరి పెద్దమనుషులు స్పెయిన్ దొంగ వేషం కట్టారు. ఈ కమిటీలో వాళ్లే ఆ క్లబ్బులో వాళ్లని నేననడం లేదు. స్పానిష్ మాట్లాడేవాళ్లను ఓడెక్కించి పంపేసిన ఊరు, పాడుకోవడానికి లేని స్పానిష్ దొంగను ఓడమీద రప్పించుకుందని మాత్రం అంటున్నాను.

కాబట్టి వచ్చే జనవరికి ఒక శకటం అదనంగా పెట్టమని మనవి. పదమూడు మంది చుట్టకార్మికులు, మామూలు చొక్కాల్లో. వాళ్లను ఓడవైపు నెట్టే కమిటీ సభ్యులకు న్యూ ఆర్లీన్స్ నుంచి ఏమీ తెప్పించనక్కర్లేదు. కంటిగంతలూ, కత్తులూ తీసి పక్కన పెట్టి, రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే కోటుతోనే వచ్చేయవచ్చు.