ఆగిన కారు, ఆగని కేసు

లండన్‌లో ఓ పెద్దమనిషి పబ్బులో పీకలదాకా పట్టించాడనుకోండి. తాగి నడపకూడదన్న బుద్ధి పుట్టి, కార్లోనే సీటు వెనక్కి వాల్చి, తాళాలు జేబులో వేసుకుని గుర్రుపెట్టాడు. అద్దం మీద టకటకా. ఎదురుగా పోలీసు. ‘బండి అంగుళం కదల్లేదు మహాప్రభో!’ అన్నాడు. కదలక్కర్లేదు నాయనా, అది నీ అధీనంలో ఉంటే చాలు అంటుంది అక్కడి 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం. శిక్ష 3 నెలల జైలు దాకా వెళ్లొచ్చు. మత్తు దిగేలోగా నడిపే అవకాశమే లేదని రుజువు చేసుకుంటే వదిలేస్తారట. సాక్ష్యం? గురక!

మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కాస్త దయగలది. నడుపుతూనో, నడపబోతూనో దొరకాలి. దొరికితే తొలిసారికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. ఆ ‘నడపబోతూ’ దగ్గరే ఉంది తిరకాసు. ‘ఏసీ కోసం తాళం తిప్పాను సార్’ అంటే హైదరాబాద్ మే నెలలో చెల్లుతుందేమో. డిసెంబరు 31 అర్ధరాత్రి అదే మాటంటే ఎస్సై గారు ముందు నవ్వుకుని, తర్వాత గొట్టం నోటికందిస్తారు.