నమ్మకం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లొద్దు

ఆసుపత్రికి బయల్దేరేవాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు. డాక్టరు మీద నమ్మకం పెట్టుకో, సగం జబ్బు అక్కడే పోతుంది అని. నేను దానికి ఎదురు చెబుతున్నాను. నమ్మకం పెట్టుకుని వెళ్లొద్దు. ఒక నోటుబుక్కు, కలం పట్టుకుని వెళ్లండి. అడిగినదానికి జవాబు చెప్పే మనుషులు అక్కడ కనబడితే అప్పుడు నమ్మండి. ఇది తలకిందుల సలహా అంటారని తెలుసు. ఇక్కడ రాస్తున్నవన్నీ దాదాపు అలాంటివే, మా బంధువుల్లోనే చాలామందికి నచ్చవు. కానీ వార్డు బయట చాప పరుచుకుని, లోపల తమవాళ్లకు ఏం చేస్తున్నారో తెలియకుండానే రాత్రంతా కూర్చునే అటెండెంట్లను చూసినప్పుడల్లా, వీళ్లకు ఈ మాటలు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది.

మీ ఊరి ఆర్‌ఎంపీ చెప్పిన ఆసుపత్రికి వెళ్లకండి. పల్లెలో వైద్యమంటే ముందుగా గుర్తొచ్చే మనిషి ఆయనే. అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే బండేసుకుని వచ్చేది ఆయన, డబ్బులు పంట చేతికొచ్చాక ఇద్దువులే అనేదీ ఆయనే. మీ అమ్మకు బీపీ ఉందని, మీ నాన్న మందులు సరిగా వేసుకోడని ఆయనకు తెలుసు. పీహెచ్‌సీలో డాక్టరు ఎప్పుడు ఉంటాడో తెలియని ఊళ్లో జనం ఆయన్ని నమ్మడంలో వింతేముంది? పట్నంలో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు డబ్బు పెట్టి కొనేది ఆ నమ్మకాన్నే. వాటి పీఆర్‌ఓలు మండలాలు తిరుగుతారు, పేషెంటును పంపినందుకు ఇంత అని మాట్లాడుకుంటారు. ఆ కమీషన్ ఆసుపత్రి యజమాని సొంత జేబులోంచి రాదు, మీ బిల్లులోనే ఏదో ఒక పరీక్ష పేరుతో కలిసి ఉంటుంది. పేషెంటును పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ డాక్టర్లకు నిషిద్ధమని 2002 నాటి వైద్య మండలి నియమావళిలో స్పష్టంగా రాసి ఉంది. అలాగని ఆయన్ని దూరం పెట్టమనడం లేదు. "అన్నా, నువ్వూ మాతో రా, ఎక్కడికనేది మాత్రం మేం చూసుకుంటాం" అని చెప్పండి. రోగి పాత సంగతులన్నీ తెలిసిన మనిషి పక్కనుంటే పెద్ద డాక్టరు ముందు మీరు చెప్పడం మరిచిపోయినవి ఆయన చెబుతాడు. ఆ మాట విన్నాక ఆయన రాననడానికి సాకులు వెతికితే సంగతేమిటో మీకే అర్థమవుతుంది.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు లాబీలో పాలరాయి, ఏసీ చూసి మొగ్గకండి. కొన్నిటికి జనం కిక్కిరిసిన చోటే మేలు. పాము కరిస్తే మొదట దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికే పరుగెత్తండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ డబ్బులడగకుండా ఇస్తారు, పాముకాటు కేసులు తరచూ చూసే చేతులూ అక్కడే ఎక్కువ. హైదరాబాదులో కుక్క కరిచినవాళ్లు నారాయణగూడ ఐపీఎంకు వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. ఉస్మానియాలో, విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో క్యూ పొడవు చూసి గుండె జారుతుంది. మంచం దొరక్క నేల మీద పడుకోబెట్టిన రోజులు చూసినవాళ్లు నా మీద కోప్పడతారు, ఆ కోపం న్యాయమైనదే. అయినా రోజూ వందల కేసులు చూసే హౌస్ సర్జన్ కంటికి కొన్ని ప్రమాదాలు వెంటనే పట్టుబడతాయి.

పక్షవాతం, గుండెపోటు, ఆగని రక్తస్రావం వచ్చినప్పుడు మాత్రం నా సలహాలన్నీ పక్కన పెట్టండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. అలాంటప్పుడు నోటుబుక్కు తీయొద్దు, 108కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికొచ్చిన మనిషికి మొదట వైద్యం చేయాలి, పోలీసు కేసు కాగితాలు తర్వాత చూసుకోవాలి, ఇది ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా తప్పించుకోలేని బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గేటు దగ్గర అడ్వాన్సు అడిగితే ఆ మాట గట్టిగా గుర్తుచేయండి.

ఎమ్మెల్యే గారితోనో, తెలిసిన ఐఏఎస్ అధికారితోనో ఫోన్ చేయించకండి. మనవాళ్లలో రోగిని చేర్పించిన వెంటనే జరిగే మొదటి పని ఇదే. ఎవరైనా చెబితే బాగా చూస్తారని ఆశ. ఆ ఫోన్ వచ్చాక జరిగేది ఆలోచించండి. మామూలుగా అయితే అవసరం లేదనుకునే స్కాన్ కూడా ఎందుకైనా మంచిదని రాస్తారు. రాత్రి రెండింటికి వచ్చే జూనియర్ డాక్టరు తనకు తోచింది ధైర్యంగా చేయడు, పెద్దాయనకు ఫోన్ కలిసేదాకా ఆగుతాడు. అన్నిటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది వేరే. ఫోన్ చేయించిన కుటుంబం ఆ తర్వాత నోరు తెరిచి ప్రశ్న అడగదు. అంత పెద్దాయన చెప్పాక మళ్లీ మనం అడిగితే ఏం బాగుంటుందని మొహమాటపడుతుంది. ఆ ఫోన్‌కు ఖర్చుపెట్టే పలుకుబడి ఏదో మీ వార్డు నర్సు పేరు తెలుసుకోవడానికి ఖర్చుపెట్టండి. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి నాలుగు నిమిషాలుండి వెళతాడు, రాత్రి రెండుసార్లు వాంతయిందని నర్సుకే తెలుసు. ఆమె మీకు ఎదురుపడినప్పుడల్లా మంచి మాటతో పలకరించండి. సెలైన్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్నారా అని అడగడానికి మాత్రం జంకొద్దు. మంచి నర్సు ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

సంతకం దగ్గర ఆలస్యం చేయండి. స్ట్రెచర్ థియేటర్ వైపు వెళుతుండగా ప్యాడ్ మీద కాగితాలు తెచ్చి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ వేలు పెట్టి చూపిస్తారు. వెనకాల రోగి, ముందు తలుపు. ఆ క్షణంలో ఎవరైనా పెట్టేస్తారు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రమే ఆ కాగితం చూపించమని అడగండి. అందులో ఏం రాశారో తెలుగులో చెప్పమనండి. ఏం చేయబోతున్నారు, చేయకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా, ఈ మూడూ అడిగి జవాబులు నోటుబుక్కులో రాసుకోండి.

ఇందుకు కారణం చెప్పాలి. 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఢిల్లీ కేసు ఒకటుంది. నలభై నాలుగేళ్ల అవివాహిత నెలసరి ఆగకపోవడంతో ఒక క్లినిక్‌కి వెళ్లింది. మత్తిచ్చి ల్యాపరోస్కోపీతో పరీక్ష చేస్తామంటే ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగానే సహాయ డాక్టరు బయటికొచ్చి వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుంది, లోపల గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన మనిషి, ప్రాణాపాయం లేదు, మత్తు దిగాక ఆమెనే అడగొచ్చు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు పనికిరాదని, తల్లి సంతకం కూతురి సంతకం కాలేదని కోర్టు చెప్పింది. పరిహారం కింద ఇప్పించింది 25 వేలే అయినా తీర్పు మాత్రం ప్రతి కన్సెంట్ ఫారం వెనకా నిలబడి ఉంది. మొగుడు సంతకం పెడితేనే పెళ్లానికి ఆపరేషన్ చేస్తామనే చోట ఈ తీర్పు గురించి అడగండి.

గర్భసంచి మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగుతాను. 15 నుంచి 49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశం మొత్తమ్మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం సగటు 3 శాతం దగ్గర ఉంటే ఇక్కడ 8 దాటింది. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని వెళ్లిన ముప్పై ఐదేళ్ల కూలీ మనిషితో "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అంటే ఆమె ఏం చేస్తుంది? పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అదెందుకని ఇంట్లోవాళ్లు కూడా అంటారు. అండాశయాలూ పోతే ఎముకలు గుల్లబారతాయని, మెనోపాజ్ ముందే వచ్చిపడుతుందని చెప్పేవాళ్లుండరు. అందుకని, ఇలాంటి ఆపరేషన్ ఎవరు చెప్పినా ఇంకో డాక్టరుకు చూపించండి. దొంగచాటుగా కాదు. "మేం ఇంకొకరి దగ్గర కూడా చూపించుకుని వస్తాం, రిపోర్టులివ్వండి" అని ఆ డాక్టరుకే చెప్పి వెళ్లండి. సరే, వెళ్లిరండి అన్న డాక్టరు దగ్గరికే మళ్లీ రండి, ఆయనే మీ డాక్టరు. కోప్పడిన ఆయన మీకు ఫీజు లేకుండానే ఒక విషయం తెలియజేశాడు. అలాగే "ఇప్పుడే చెప్పలేను, వారం చూద్దాం" అనే మనిషిని చేతకానివాడనుకుని వదులుకోవద్దు. మనదగ్గర మందు రాయని డాక్టరుకు ఫీజివ్వడానికి చేయి రాదు. ఆ అలవాటు మనమే మార్చుకోవాలి.

డబ్బు గురించి మంచం పక్కనే, మొదటిరోజే మాట్లాడండి. ప్రాణం ముందు డబ్బేమిటని సిగ్గుపడేవాళ్లే చివరికి పొలం తాకట్టు పెడతారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, మీ జబ్బుకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు మీద చేర్చుకుని, పైన ఇంత కట్టాలని చెవిలో చెబితే రసీదు అడగండి, ఆ మాట అక్కడితో ఆగుతుంది. మందు పూతున్న స్టెంటు లక్ష దాటి అమ్ముతున్న రోజుల్లో, 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాని ధర 29,600 రూపాయల దగ్గర కట్టేసింది. జనం అడగడం వల్ల, కోర్టుకెక్కడం వల్ల ఇలాంటివి జరిగాయి. మందులు లోపలి షాపులోనే కొనాలన్న నిర్బంధం కుదరదని, బిల్లు బాకీకి శవాన్ని ఆపడం తప్పని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువమంది కాదనే సలహా. రోగికి చెప్పేయండి.

"ఆయనకు మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేడు." క్యాన్సర్ డాక్టర్ల గదుల్లో ఈ మాట వినబడని రోజుండదు. కొడుకులు తండ్రిని బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపలికెళ్తారు. బయటికొచ్చి, కడుపులో పుండు, కరెంటు పెడితే తగ్గుతుందట అంటారు. ఆ పెద్దాయన్ని హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లారనుకోండి. గేటు మీద బోర్డు ఉంది, ఆయన చదువుకున్నవాడు. చుట్టూ జుట్టూడిన మనుషులు, ముక్కులో గొట్టాలున్న మనుషులు. ఆయనకు అర్థం కాలేదనుకుంటున్నారా? పిల్లలు బాధపడతారని ఏమీ తెలియనట్టు ఉంటాడు. పిల్లలు ఆయన బాధపడతాడని ఏమీ లేనట్టు ఉంటారు. ఆ ఇంట్లో అప్పు ఎవరికి ఎంత ఇవ్వాలో, చిన్నమ్మాయి పెళ్లి ఏం చేయాలో మాట్లాడాల్సిన ఆఖరి నెలలు పుండు కబుర్లతో గడిచిపోతాయి.

ఆసుపత్రి మనకు నిజం చెప్పడం లేదని మనం బాధపడతాం. మన మనిషికి నిజం చెప్పొద్దని డాక్టరును వేడుకునేదీ మనమే. తన ముందు కూర్చున్న డాక్టరు తనను చూడకుండా కొడుకు వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆ రోగి ఎవర్ని నమ్మాలి? మందు వల్ల వాంతులైనప్పుడు ఇది మామూలే అని చెబితే ఎందుకు నమ్మాలి? కీమోకు ఆయన సంతకమే కావాలి, దేనికో తెలియకుండా ఎలా పెడతాడు? కాబట్టి డాక్టరు గదిలోకి వెళ్లగానే "మా నాన్నతోనే మాట్లాడండి సార్, తెలుగులో మాట్లాడండి" అనండి. దానికి ముందు ఇంట్లో ఆయన్ని ఒకమాట అడగండి: నాన్నా, డాక్టరు చెప్పేదంతా నీకు తెలియాలా, మమ్మల్ని చూసుకోమంటావా? కొందరు మీరే చూసుకోండి అంటారు, అది వాళ్ల ఇష్టం. ఎక్కువమంది చెప్పమంటారని నా అభిప్రాయం. నొప్పి ఎంతుందో నిజం చెప్పడానికి కూడా వాళ్లకు అప్పుడే ధైర్యమొస్తుంది. జబ్బు పేరు దాచిన ఇంట్లో రోగి నొప్పిని కూడా దాస్తాడు, మార్ఫిన్ అందాల్సినవాడికి అందదు.

చివరగా, ఏదైనా ఘోరం జరిగితే అద్దాలు పగలగొట్టకండి, డాక్టరు మీద చేయి ఎత్తకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం అందుకు మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అంతకంటే పెద్ద నష్టం, ఆ గొడవలో మీ ఫిర్యాదు ఎవరి చెవికీ ఎక్కదు. మర్నాడు పేపర్లో దాడి వార్తే వస్తుంది, మనిషి ఎందుకు పోయాడో రాదు. ఏడవండి, ఆ తర్వాత కాగితం మీద రాసి కేస్ షీట్ అడగండి. 2002 నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది కాబట్టి, డబ్బు పుచ్చుకుని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ మీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే.

అంతా బాగై ఇంటికొస్తున్నవాళ్లు కూడా కేస్ షీట్ నకలు అడగండి. ఏమైందని అడిగితే ఏమీ కాలేదు, మా ఇంట్లో ఉంచుకుంటాం అని చెప్పండి. నకలు తీసినందుకు జెరాక్సు డబ్బులు అడుగుతారు, ఇచ్చేయండి. ప్రతి పేజీ మీదా ఆసుపత్రి స్టాంపు వేయించుకోండి.