కంటిపాప చెప్పని సంగతి

నేను డాక్టరమ్మ తెల్లకోటు జేబులో ఉండే పెన్ టార్చిని. ఆమెతోపాటు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దవాఖానలన్నీ తిరిగాను. కంటిపాప మీద వెలుగు వేయడం నా పని. పాప చిన్నదైతే ఆ నరాల దారి బాగున్నట్టు. మనిషికి స్పృహ ఉందో లేదో మాత్రం అంతటితో తేలదు.

స్పృహకు కేసుషీటులో వేసే మార్కులకు మూలం 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు పెట్టిన కొలత. ఇప్పటి లెక్కలో కళ్లు తెరవడానికి 4 దాకా, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ ఉలుకూ పలుకూ లేకున్నా 3 పడతాయి. లోపల తెలివున్నా పలకలేని, కదలలేని వాళ్లకు ఆ లెక్క సరిపోదు.

గద్వాల సీడుపత్తి చేలల్లో కొన్ని రకాల పురుగుమందు ఒంటికెక్కి పడిపోయినవాళ్ల కంటిపాపలు ఆవగింజంత అవుతాయి. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించాక అవే పెద్దవై, నా వెలుగుకు కదలకపోవచ్చు. అది మందు పని, మెదడుది కాదు.

ఒక వానకాలం నాగర్‌కర్నూల్‌లో, నేల మీద పడుకున్న ఒకామెను తెల్లారకముందే తెచ్చారు. మొదట కడుపునొప్పి అన్నదట, తర్వాత రెప్పలు వాలాయి, ఊపిరి తగ్గింది. ఒంటి మీద గాటు లేదు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. డాక్టరమ్మ వేలితో రెప్ప ఎత్తి నన్ను వెలిగించింది. పాప పెద్దగా ఉంది, కదల్లేదు. గోరు నొక్కినా చెయ్యి కదల్లేదు. మార్కులు 3.

“మా అమ్మ పోయినట్టేనా మేడం?” అన్నాడు కొడుకు.

“కట్లపాము కరిచినట్టుంది. దాని విషం కండరాలను పడగొడ్తది, తెలివిని కాదు. ఆమెకు మన మాటలు ఇనబడ్తుండొచ్చు” అంటూ డాక్టరమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది. “అమ్మా, పాము కరిసింది. మందు ఎక్కిస్తున్నం. మిషను గాలి ఇస్తున్నది. నీ కొడుకు ఈడనే ఉన్నడు.”

రోజులు గడిచాక ముందు వేలు కదిలింది. గొట్టం తీశాక ఆమె చెప్పిన మొదటి మాట, కొడుకు ఏడుపు విన్నానని.

మెదడు దెబ్బతిన్నవాళ్లలోనూ ఇలా జరగొచ్చు. 2006లో మెదడు పరిశోధకుడు అడ్రియన్ ఓవెన్ బృందం, పిలిచినా స్పందించని ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, స్కానులో ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. 2024లో అచ్చయిన అధ్యయనంలో, చెప్పిన పని చేయలేని 241 మందిలో 60 మంది మెదడు ఆ మాటను అందుకుంది. అలాంటి పరీక్ష మా జిల్లా మంచాల దగ్గరికి ఇంకా రాలేదు.

నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి లేవకుంటే, గాటు కనబడకున్నా పాము అనుమానం డాక్టరుకు చెప్పండి. దవాఖానలో ఆ మనిషి మంచం పక్కన “ఇగ లేనట్టే” అనకండి. పేరుపెట్టి పిలిచి, ఎక్కడున్నారో, ఏం జరిగిందో చెప్పండి.