పుక్కిటి పురాణానికి గెజిట్ ముద్ర

గుడ్‌గావ్ 2016లో గురుగ్రామ్ అయింది. ఈ ఊరిని పాండవులు ద్రోణాచార్యుడికి గురుదక్షిణగా ఇచ్చారన్నది దానికి ఆధారం. దానపత్రం ఉందా? ఉంటే ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అటక మీదో దొరకాలి. సాక్షులా? తరతరాలుగా జనం చెప్పుకుంటున్నారు, అంతే. ఆ మాట మీదే బోర్డులూ లెటర్‌హెడ్లూ మారిపోయాయి. నమ్మడం తప్పని ఈ కాలమ్ అనదు. నోటి మాటను సర్కారు ఇంత ఉదారంగా ఆదరించిన సందర్భం ఇంకొకటి వెతకబోతేనే చిక్కు. పక్కనే ఢిల్లీలో ఓ గుడిసె మనిషి ‘మేమిక్కడికొచ్చి ఇరవై ఏళ్లయింది’ అన్నాడనుకోండి. 2015 నాటి పునరావాస విధానం ప్రకారం బస్తీ 2006 జనవరి 1కి ముందుదై ఉండాలి, గుడిసె 2015 జనవరి 1కి ముందు వేసిందై ఉండాలి, ఓటర్ల జాబితాలో పేరుండాలి, చెప్పిన కాగితాల్లో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ద్రోణుణ్ణి ఓటరు కార్డు అడగని రాజ్యం ఇతన్ని అడుగుతుంది. అందుకే పాలిథిన్ కవరులో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచిన రేషన్ కార్డులు, పాత కరెంటు బిల్లులు, 1990లో వీపీ సింగ్ సర్కారు గుడిసెలకిచ్చిన టోకెన్లు ఈ నగరంలో పేదవాడి జీవితచరిత్ర. రాజులకు ఆస్థాన కవులుండేవారు. వీళ్లకు ఫొటోస్టాట్ షాపుంది.

కాబట్టి తగాదా కాగితానికీ నోటికీ మధ్య కాదు, ఎవరి నోరన్నదే. తనకు వీలైనప్పుడు సర్కారూ నోటినే నమ్ముకుంది. పొలాలకు ఖస్రా (సర్వే) నంబర్లు వేసి అంగుళం వదలకుండా కొలిచిన రెవెన్యూ శాఖ, ఢిల్లీ పల్లెల్లో ఇళ్ల చుట్టూ ఎర్ర గీత గీసి, దానికి లాల్ డోరా అని పేరు పెట్టి, లోపల ఏ ఇల్లు ఎవరిదో రాసే శ్రమ పెట్టుకోలేదు. దశాబ్దాలపాటు ఆ హక్కులకు దస్తావేజు ఇరుగుపొరుగు మాటే. కాగితం ఉన్నచోటా కథ సగమే. ఢిల్లీ చాణక్యపురిలో మాల్చా మార్గ్ ఉంది, మాల్చా ఊరు లేదు. 1911 డిసెంబరు దర్బారులో కొత్త రాజధాని ప్రకటించాక 1894 భూసేకరణ చట్టం కింద రైసీనా, మాల్చా వంటి ఊళ్ల భూములు పోయాయి. మాల్చా కుటుంబాలు కొన్ని సోనీపత్ వైపు హర్సానాలో స్థిరపడి, అక్కడ కూడా తమ ఊరి పేరు వదులుకోలేదు. ఫైలు తెరిస్తే ఎకరాలూ రూపాయలూ కనిపిస్తాయి. ఆ రూపాయలు ఎవరికి చేరాయో, చేరనివాళ్లు ఏమయ్యారో మనవల ఇళ్లలో అడగాలి. రోడ్డుకు పేరు పెట్టడం మాత్రం చవకైన పరిహారం.

ముసలివాళ్ల జ్ఞాపకాన్ని నమ్ముకుంటే చరిత్ర గతేం కావాలని పండితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనిషి తేదీలు తారుమారు చేస్తాడు, తన తప్పు తగ్గించి చెబుతాడు, పక్కవాడి ఘనత తన ఖాతాలో వేసుకుంటాడు. ఈ అవలక్షణాలు ఫైలుకు లేవని ఎవరన్నారు? మానవశాస్త్రవేత్త ఎమ్మా టార్లో తూర్పు ఢిల్లీలోని వెల్‌కమ్ పునరావాస కాలనీ ఫైళ్లు తిరగేసి, ఆ జనంతో మాట్లాడి, 2003లో ‘అన్‌సెట్లింగ్ మెమరీస్’ అనే పుస్తకం వేసింది. ఎమర్జెన్సీలో అక్కడ ప్లాటు దక్కాలన్నా నిలవాలన్నా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితం చూపాల్సి వచ్చింది. తాను చేయించుకున్నా సరే, ఇంకొకరిని ‘ప్రోత్సహించి’ చేయించినా సరే. ఫైళ్లలో ఇదంతా ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఫారం, సంతకం, ముద్ర. దేశ జనాభా మీద బెంగతో కాలనీకి కాలనీ స్వచ్ఛందంగా కదిలినట్టు. జనాన్ని అడిగితే బయటపడింది బేరం: దళారులు, డబ్బు కోసం ఒప్పుకున్న కటిక పేదలు, ఇల్లు నిలుపుకోవడానికి వాళ్లను కొన్న ఇంకాస్త తక్కువ పేదలు. సంతకాలేమీ దొంగవి కావు. ‘ప్రోత్సాహం’ అన్న మాటకు అర్థమే ఏ ఫైలులోనూ రాయలేదు. అలాగని నోరొక్కటే చాలేదీ కాదు. ఫైలు చేతిలో ఉంది కాబట్టే ఏమడగాలో ఆమెకు తెలిసింది.

తెలుగువాళ్లకిది కొత్త పాఠమా? రెండు వందల ఏళ్ల కిందట కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించినవే కైఫీయతులు. వాటిలో కట్టుకథలకు కొదవలేదు. అయినా మన పల్లెల చరిత్ర రాయబోయేవాళ్లు వాటి గడప తొక్కక తప్పదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చు వేశాక, నాయకుల కథ ఒక్కటే పోరాట కథగా చెల్లే రోజులు పోయాయి. కైఫియత్ మాట ఢిల్లీ ఉర్దూలోనూ ఉంది. కాకపోతే కచేరీలో కైఫియత్ అడిగారంటే సంజాయిషీ ఇమ్మని. ఢిల్లీ తెలుగువాళ్లమూ నాయకుల పేర్ల దగ్గరే ఆగిపోయాం. 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మెట్రో స్టేషన్ మీద ఉంది, సంతోషం. ఆ సొసైటీ బళ్లలో అక్షరాలు దిద్దించిన పంతులమ్మలను అడిగి రాసుకోవడానికి మాత్రం మనకు తీరిక లేదు. ఆంధ్రా భవన్ క్యాంటీన్ పప్పు మీద దొరికినన్ని సమీక్షలు దాన్ని వండిన చేతుల మీద దొరకవు.

అందరి మాటా ఎవరు వింటారని ఇంకో ఆక్షేపణ. తీన్‌మూర్తి గ్రంథాలయం దశాబ్దాలుగా నాయకుల గొంతులు ఓపిగ్గా రికార్డు చేసింది, ఎవరికీ విసుగు రాలేదు. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వాళ్లు షాదీఖాంపూర్ లాంటి పేటలో పేటవాసుల మాటలతోనే చిన్న మ్యూజియం పెట్టి చూపించారు. అసలు ఇబ్బంది వినేవాళ్లకు కాదు, చెప్పేవాళ్లకు. రికార్డరు పట్టుకుని బస్తీలోకొచ్చిన చరిత్రకారుడికీ, రిజిస్టరు పట్టుకునొచ్చిన సర్వేయరుకీ తేడా వాళ్లకు దూరం నుంచి తెలియదు, దగ్గరికొచ్చినా నమ్మకం కలగదు. ఒక్క ఏడాది అటూ ఇటూ చెబితే ఇల్లు పోయే చోట నిజం చెప్పమనడానికి ముందు, ఆ నిజం ఎవరి చేతికి పోతుందో రాతపూర్వకంగా చెప్పాల్సింది అడిగేవాడే. అది చెప్పకుండా ‘మీరిక్కడికి ఎప్పుడొచ్చారు?’ అని మొదలుపెడితే, టేపులో పడే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘కటాఫ్ ఎప్పుడు సార్?’