మౌనం మీద అభియోగపత్రం

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. వాటికన్ పెద్దల లెక్కలో మాత్రం మౌనం పూర్తి ధిక్కారం. 2012 ఏప్రిల్ 18న రోములోని విశ్వాస సిద్ధాంత మండలి అమెరికా కన్యస్త్రీ మఠాల నాయకురాళ్ల సమాఖ్య మీద ఒక నివేదిక వెలువరించింది. ఆ దేశంలో అప్పటికి మిగిలిన సుమారు 57 వేల మంది కన్యస్త్రీలలో నూటికి ఎనభై మంది ఈ సమాఖ్య కిందివారే. 2008లో మొదలుపెట్టి నాలుగేళ్లు పరిశీలించి తేల్చిందేమిటంటే, సిస్టర్లు పేదల కోసం, సామాజిక న్యాయం కోసం చాలా పాటుపడుతున్నారు, సంతోషం. కానీ గర్భంలో పడ్డ క్షణం నుంచి సహజ మరణం దాకా ప్రాణానికున్న హక్కు గురించి నోరు మెదపడం లేదు, కుటుంబం గురించీ లైంగికత గురించీ కథోలిక శ్రీసభ బోధనను తమ కార్యక్రమాల్లో చేర్చుకోవడం లేదు. అంటే అన్న మాటలకే కాదు, అనని మాటలకూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. అన్న మాటలైతే లెక్కపెట్టవచ్చు. అననివాటిని ఎవరు లెక్కపెడతారు? ఈ కొలతతో కొలిస్తే నిర్దోషులంటూ ఎవరూ మిగలరు, నివేదిక రాసినవారితో సహా. కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో స్త్రీలు సభలో మౌనంగా ఉండాలని పౌలు ఇచ్చిన సలహాను ఇన్ని శతాబ్దాలు శ్రద్ధగా వల్లించిన సంస్థకు, తీరా ఆ సలహా పాటించినట్టు కనబడేసరికి కంగారు పుట్టడం మరో తమాషా.

నిజానికి మౌనం అర్ధాంగీకారమన్న సామెత రోముకు కొత్తది కాదు. మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టేనన్న న్యాయసూత్రాన్ని 8వ బోనిఫేస్ పోపు 1298లోనే శ్రీసభ ధర్మశాస్త్రంలోకి ఎక్కించారు. దాన్ని ప్రాణాల మీదికి వచ్చినప్పుడు వాడుకున్నవాడు థామస్ మోర్. ఇంగ్లండ్ శ్రీసభకు అధిపతిని నేనేనని 8వ హెన్రీ రాజు ప్రకటించుకున్నప్పుడు మోర్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. 1535లో విచారణకు నిలబెడితే, నేను మాట్లాడకపోవడం నేరమెలా అవుతుంది, చట్టం దాన్ని అంగీకారం కిందే జమకట్టాలి కదా అని వాదించాడు. రాజుగారి ప్లీడరు మాత్రం ఆ మౌనమే దురుద్దేశానికి రుజువన్నాడు. అదొక్కటే చాలదనిపించిందేమో, రిచర్డ్ రిచ్ అనే ఆయన సాక్ష్యం కూడా జోడించి తల తీయించారు. సరిగ్గా నాలుగు వందల ఏళ్లకు, 1935లో, రోము మోర్‌ను పునీతుడిగా ప్రకటించింది. 2000లో 2వ జాన్ పాల్ పోపు ఆయన్ను రాజకీయ నాయకులకు పాలక పునీతుడిని చేశారు. పునీతుడి పటం గోడకు తగిలించుకుని, దాని కిందే కూర్చుని, ఆయన మీద సర్కారు ప్లీడరు చేసిన వాదనను నివేదికలోకి ఎత్తి రాసుకోవాలంటే నిబ్బరం కావాలి.

దీనికొక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ సిస్టర్ల మౌనం అమాయకమైనది కాదు, దాని వెనక ఏముందో అందరికీ తెలుసు అంటారు. కావచ్చు. మోర్ మనసులో ఏముందో కూడా లండన్‌లో తెలియనిదెవరికి? తెలిసినా సరే, అనని మాటకు శిక్ష వేయడం అన్యాయమనే కదా మోర్ వాదించింది; ఆ మోర్‌నే కదా రోము పునీతుడిని చేసింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. మోర్ మామూలు గృహస్థు; వీళ్లు విధేయతా వ్రతం పుచ్చుకున్నవారు, పైగా వీళ్ల సమాఖ్య 1956లో రోము ప్రోద్బలంతోనే పుట్టింది, కాబట్టి ఊరుకుంటే సరిపోదు, బోధనను చాటవలసిన బాధ్యత కూడా వీళ్ల మీద ఉంది అంటారు. ఇది తీసిపారేయగలిగిన మాట కాదు. ఏ సంస్థకైనా తన పేరు పెట్టుకున్నవారు తన మాట చెప్పాలని కోరే హక్కు ఉంటుంది. అయితే ఆ బాధ్యత అందరికంటే ముందు ఎవరిది? వాళ్లను తప్పుపట్టిన నివేదికే చెబుతోంది, విశ్వాసానికీ నీతికీ అధికారికంగా బోధకులు బిషప్పులు, అంటే పీఠాధిపతులని. మరి ఆ బోధకుల మౌనానికి ఏ మండలి కొలత వేసింది? బోస్టన్‌లో జాన్ గేగన్ అనే గురువు మీద 130 మందికి పైగా లైంగిక దాడి ఆరోపణలు చేశారు. దశాబ్దాల తరబడి ఆయన్ను ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు, అంటే కోర్టు విచారణకు కాదు లెండి, ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి, బదిలీ చేస్తూ వచ్చారు. పీఠాధిపతులెవరూ బహిరంగంగా నోరు మెదపలేదు. 2002లో పత్రికలు బయటపెట్టాక బోస్టన్ ఆర్చిబిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. 2004లో ఆయనకు రోములోని సాంతా మరియా మజ్జోరె మహాదేవాలయానికి ప్రధానార్చకత్వం దక్కింది. ఆయన మౌనంలో సిద్ధాంత దోషం ఎవరికీ కనబడలేదు. కనబడదు కూడా; బోధనకు వ్యతిరేకంగా ఆయన ఒక్క ముక్క అనలేదు కదా!

పోనీ, సిస్టర్లు నోరు తెరిచిన సందర్భాలూ ఉన్నాయి, వాటి మాటేమిటి? ఉన్నాయి, దాచడం దేనికి. స్త్రీలకు గురుపట్టం లేదన్న రోము ప్రకటనకు సమ్మతించలేమని 1977లో సమాఖ్య బహిరంగంగా చెప్పింది. 1979లో వాషింగ్టన్ దేవాలయంలో 2వ జాన్ పాల్ పోపు ఎదుట సమాఖ్య అధ్యక్షురాలు సిస్టర్ థెరెసా కేన్ నిలబడి, శ్రీసభలోని అన్ని సేవల్లోనూ స్త్రీలకు చోటివ్వాలని మర్యాదగానే కోరారు. 1984లో గర్భస్రావం మీద కథోలికుల్లో ఏకాభిప్రాయం లేదంటూ న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ప్రకటన కింద ఇరవై మందికి పైగా కన్యస్త్రీలు సంతకాలు చేశారు. ఇవి ధిక్కారాలే, వీటి మీద రోము వాదనకు దిగితే అది దాని పని. గురుపట్టం మీద బోధన మారదని రోము అంటుంటే, మారాలని వీళ్లంటుంటే, ఇరుపక్షాల మధ్య ఉన్నది నిజమైన తగాదా. నా ఫిర్యాదు అది కాదు. ఆ తగాదాను తగాదాగా తేల్చుకోకుండా, అన్నదీ, అననిదీ, అసలు బోధనతో సంబంధమే లేనిదీ ఒకే మూటగా కట్టడం మీద నా ఫిర్యాదు. 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. దాని వల్ల గర్భస్రావాలకు సర్కారు సొమ్ము చేరుతుందని పీఠాధిపతులు వ్యతిరేకించారు. చేరదని కథోలిక ఆసుపత్రుల సంఘం తరఫున సిస్టర్ క్యారల్ కీహన్, మరెందరో మఠాధిపతురాళ్లు బిల్లును సమర్థించారు. చేరకూడదన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట; పేచీ అంతా సెక్షన్లు చదవడం దగ్గరే. అమెరికా చట్టంలో సెక్షన్లకు అర్థం చెప్పే వరం పీఠాధిపత్య అభిషేక తైలంతో పాటే అబ్బుతుందని ఏ మహాసభ తీర్మానించిందో నాకు ఎక్కడా దొరకలేదు. అయినా పీఠాధిపతుల వైఖరులను ప్రశ్నించడం కూడా నివేదికలో దోషాల జాబితాకెక్కింది.

2007లో సమాఖ్య సభలో సిస్టర్ లారీ బ్రింక్ చేసిన ప్రసంగం సంగతీ ఇలాంటిదే. కొన్ని మఠాలు శ్రీసభను, చివరికి యేసును కూడా దాటి వెళ్లిపోతున్నాయని ఆమె అన్నారు. నివేదికకు అది పెద్ద సాక్ష్యమైంది. ఆమె మఠాల ముందున్న నాలుగు దారులను వర్ణిస్తూ అందులో ఒకటిగా దాన్ని చెప్పారు. రోగం పేరు చెప్పిన వైద్యుడికే ఆ రోగం అంటగట్టినట్టుంది ఇది. ఆ ప్రసంగాన్ని సమాఖ్య వేదిక మీదే ఖండించి ఉండాల్సిందన్న వాదనలో కొంత పస ఉంది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు కూడా మనం మళ్లీ ఖండించకపోయిన నేరం దగ్గరికే వచ్చి పడుతున్నాం.

సంస్కరణ బాధ్యత సియాటిల్ ఆర్చిబిషప్ పీటర్ సార్టెయిన్‌కు అప్పగించి, ఐదేళ్ల దాకా గడువిచ్చారు. 2014లో విశ్వాస సిద్ధాంత మండలి అధిపతి కార్డినల్ ముల్లర్ అదనంగా ఇంకో తప్పు పట్టారు: పీఠాధిపతులు విమర్శించిన పుస్తకం రాసిన సిస్టర్ ఎలిజబెత్ జాన్సన్‌కు సమాఖ్య గౌరవ పురస్కారం ప్రకటించిందట. మాట, మౌనం అయిపోయాయి, మిగిలింది చప్పట్లు. 2015 ఏప్రిల్‌లో, గడువు నిండకముందే, ఫైల్ మూసేశారు. ఫ్రాన్సిస్ పోపు నాయకురాళ్లను పిలిపించుకుని దాదాపు 50 నిమిషాలు మాట్లాడారు. ముగింపు నివేదికలో మందలింపు గొంతు మాయమైంది, కృతజ్ఞతలు వచ్చాయి. నోరు మెదపడం లేదన్న ఫిర్యాదుకు కనిపెట్టిన మందు కూడా అందులోనే ఉంది: ఇకమీదట సమాఖ్య ప్రచురించే రాతలను అచ్చుకు ముందే వేదాంతం తెలిసినవారు పరిశీలిస్తారు.