ఏ భాషలో సున్నా?

నేను పీహెచ్‌డీకి పూర్వ పరిశోధనల సమీక్ష అనే పద్ధతిని ఎంచుకున్నది జ్ఞానం మీద ప్రేమతో కాదు, ఎండ మీద భయంతో. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పబోయేవి చెప్పడానికి సిగ్గు కాస్త తగ్గుతుంది.

ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. ఇల్లు శంషాబాద్‌లో. కుక్కర్ విజిలూ విమానం మోతా ఒకేసారి వస్తే ఎన్ని విజిల్స్ అయ్యాయో లెక్క తప్పే ఇల్లు. పదోన్నతికి డాక్టరేటు కావాలన్నారు. నలభై దాటాక ఊళ్లు పట్టుకు తిరిగి, కాగితాలు పంచి, "అమ్మా, ఈ గడిలో టిక్కు పెట్టండి" అని బతిమాలే ఓపిక నాకు లేదు. ఒక మిత్రుడు దారి చూపించాడు. "రివ్యూ చెయ్ గురూ. అందరూ రాసింది చదవడం, పట్టిక కట్టడం, అందులో ఏం లేదో చెప్పడం. కుర్చీలోంచి లేచే పనే లేదు."

విశ్వాసం, సంస్కృతి, విద్య, రూపకల్పన. ఈ నాలుగూ ఆలయాల చుట్టూ ఎలా అల్లుకుంటాయన్నది నా అంశం. నాలుగు మాటలూ పక్కపక్కన పెట్టేసరికి కమిటీలో అందరూ తలలూపారు. పెద్ద మాటల్లో ఉన్న సుఖమే అది. కాదనడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

పద్ధతిని తప్పుపట్టడం లేదు. నిజానికి అది గట్టి పద్ధతి. ఒకే చికిత్స మీద పదిమంది పది రకాలుగా తేల్చినప్పుడు అన్నీ వెతికి, నాసివి ఏరేసి, మిగిలినవి కలిపి చూడాలి గదా. అలా కలిపి లెక్కగట్టడానికి 1976లో జీన్ గ్లాస్ 'మెటా అనాలిసిస్' అని పేరు పెట్టాడు. ఆయన విద్యా పరిశోధకుడు, అంటే మా పంతుళ్ల జాతే. 1993లో వైద్య పరిశోధనలను ఇలా సమీక్షించడానికి కాక్రేన్ సంస్థ మొదలైంది. 2009లో ప్రిస్మా నియమావళి వచ్చింది, 2020లో దాన్ని తిరగరాశారు. ఏయే మాటలతో వెతికావు, ఎన్ని దొరికాయి, ఎన్ని తీసేశావు, ఎందుకు తీసేశావు అంటూ 27 అంశాల చిట్టా ఉంటుంది. నేను ఆ 27నీ మడి కట్టుకున్నట్టు పాటించాను. ఎక్సెల్‌లో తీసుకున్నవాటికి పచ్చరంగు, వదిలేసినవాటికి ఎర్రరంగు, అనుమానం ఉన్నవాటికి పసుపు. దూరం నుంచి చూస్తే బతుకమ్మలా ఉండేది.

మూడేళ్లు ఆ రంగులతోనే గడిచాయి.

ఆ మూడేళ్లలో చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటిది చెబుతాను. నర్కుడ దగ్గరున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి గోపురం ఎత్తు ఒకచోట 80 అడుగులని, ఇంకోచోట 90 అడుగులని కనిపించింది. నేను 85 అని రాశాను. సగటు! పదిమంది రోగులకు మందు ఎంత పనిచేసిందో సగటు తీయొచ్చు. రాయీ సున్నమూ పెట్టి కట్టిన గోపురానికి సగటు తీసినవాణ్ణి నేను తప్ప మరొకణ్ణి మీరు చూసి ఉండరు. పైగా ఆ గుడి మా ఇంటి నుంచి బండి మీద పావుగంట. అంతకుముందు ఒకసారి వెళ్లాను కూడా. సినిమావాళ్లకు అది అచ్చొచ్చిన గుడి, పెళ్లి ఫోటోలవాళ్లకు మరీనూ. మా మరదలి ప్రీ వెడ్డింగ్ షూట్‌కు వెళ్లి, కోనేటి మెట్ల మీద రెండు గంటలు వెండిరేకులాంటి రిఫ్లెక్టర్ పట్టుకొని నిలబడ్డాను. మరదలి మొహం మీద వెలుగు పడిందా లేదా అని చూశానే గాని, తలెత్తి గోపురం చూడలేదు. దేవుణ్ణయితే అసలే చూడలేదు. మిర్చి బజ్జీ తిని వచ్చేశాను.

రెండోది ఇంతకంటే ఘనమైనది. శంషాబాద్, ఆలయం, విద్య, రూపకల్పన అని ఇంగ్లిష్‌లో కొట్టి, నాలుగింటి మధ్యా 'అండ్' పెట్టి వెతికాను. సున్నా వచ్చింది. రాక ఏమవుతుంది? నాలుగు జల్లెళ్లు ఒకదాని కింద ఒకటి పెట్టి, అడుగున గింజ పడలేదని చంకలు గుద్దుకున్నట్టే. విడిగా ఊళ్ల పేర్లతో వెతకాలన్నా చిక్కే. అమ్మపల్లి అనే మాటకు ఇంగ్లిష్‌లో చివర 'ఐ' పెట్టేవాళ్లున్నారు, 'వై' పెట్టేవాళ్లున్నారు. నర్కుడలో 'హెచ్' ఇరికించేవాళ్లూ ఉన్నారు. మనిషి కంటికి అవి రెండే ఊళ్లు, కంప్యూటర్‌కు నాలుగు ఊళ్లు. ఈ సంగతి రోజూ హాజరు పట్టీలో పిల్లల పేర్లు చదివే నాకు తట్టొద్దా?

తట్టలేదు. ఎందుకంటే నాకు సున్నానే కావాలి. రివ్యూ రాసేవాడికి 'రీసెర్చ్ గ్యాప్' దొరకడమంటే లంకెబిందెలు దొరకడమే. "శంషాబాద్ ప్రాంతపు ఆలయాలపై ఈ దృష్టితో ఇంతవరకు ఎలాంటి పరిశోధనా జరగలేదు" అని రాసి, ఆ వాక్యాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను.

"అమ్మపల్లి గుడి మీద కూడానా? మా పెద్దమ్మ ట్రంకుపెట్టెలో దాని పుస్తకం ఉండాలే" అంది.

"అది పుస్తకం కాదు, స్థలపురాణం" అన్నాను.

ఆవిడ నన్ను ఒక చూపు చూసి చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. ఆ చూపుకు అర్థం నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

ఈలోగా మా కాలేజీ పిల్లల్ని శంషాబాద్ పక్కనే ఉన్న ముచ్చింతలకు కూడా తీసుకెళ్లాను. 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన రామానుజుల విగ్రహం దగ్గరికి. అన్నీ కలిపి 216 అడుగులు, అందులో కింద 54 అడుగుల భద్రవేదిక, చుట్టూ 108 దివ్యదేశాల నమూనాలు. అంకెలన్నీ గడగడా ఒప్పజెప్పాను. ఒక పిల్లాడు "సార్, ఈయన ఏం చేశారు?" అని అడిగితే, శ్రీభాష్యం రాసిన కథ చెప్పాను. బ్రహ్మసూత్రాలకు బోధాయనుడు రాసిన వృత్తి అనే వ్యాఖ్యానం కాశ్మీరంలో ఉందని తెలిసి అంత దూరమూ వెళ్లాడట. గ్రంథాన్ని వెంట తీసుకుపోనివ్వలేదట. శిష్యుడు కూరత్తాళ్వాన్ ఒకసారి చదివి మొత్తం గుర్తుపెట్టుకున్నాడట. సంప్రదాయంలో చెప్పుకునే కథ ఇది. అంతటితో ఆగక, శ్రీభాష్యం మొదటి సూత్రం దగ్గరే ఎదుటివాళ్ల వాదాన్ని మహాపూర్వపక్షంగా సుదీర్ఘంగా చెప్పి, ఆ తర్వాతే తన మహాసిద్ధాంతం చెబుతాడని కూడా వివరించాను. "లిటరేచర్ రివ్యూ అంటే అదిరా" అని చేతులు తిప్పాను. ఒక్క పుస్తకం కోసం దక్షిణాది నుంచి కాశ్మీరం వెళ్లినాయన పాదాల దగ్గర నిలబడి, పెద్దత్తగారి ట్రంకుపెట్టె దాకా వెళ్లని నేను చెప్పిన మాటలివి. విగ్రహం ధ్యానంలో ఉంది కాబట్టి సరిపోయింది.

చివరికి సెమినార్ రోజు వచ్చింది. పోలికల పరీక్షలో నా థీసిస్‌కు 7 శాతం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 దాకా ఫరవాలేదు. అంటే ఎవరి వాక్యాలూ ఎత్తలేదన్నమాట. ఛాతీ విరుచుకొని నిలబడ్డాను. బయటి నుంచి వచ్చినవాళ్లలో తెలుగు శాఖ నుంచి రిటైరైన ఒక పెద్దావిడ ఉన్నారు. తెలుగు సారాంశం ముందు పెట్టుకొని, కళ్లజోడు పైకి తోసి అడిగారు.

"రెండో అధ్యాయం 'సాహిత్య సమీక్ష' అని వేశారు. ఏ కవిని సమీక్షించారు నాయనా?"

అందరూ నవ్వారు. "లిటరేచర్ రివ్యూ అండీ" అన్నాను.

"ఓహో. మన కావ్యాల అవతారికల్లో పూర్వకవి స్తుతి, కుకవి నింద ఉంటాయి చూడండి, అలాంటిదన్నమాట. మీ దాంట్లో రెండూ ఉన్నాయి. కావ్యమే ఇంకా మొదలైనట్టు లేదు." మళ్లీ నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పేజీ తిప్పారు. "ఇక్కడ పరిశోధనలు సున్నా అన్నారు. ఏ భాషలో సున్నా?"

నాకు నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో చెప్పాలి. ప్రతి ఏడూ మా కాలేజీ తెలుగు భాషా దినోత్సవంలో ఉపన్యాసం నాదే. ప్రతి ఏడూ చెప్పే కథ కూడా ఒకటే. తెలంగాణలో కవులు పూజ్యమని ఒక పండితుడు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట విసురుతూ కూర్చోకుండా ఊరూరికీ కబురుపెట్టి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. అందులో 354 మంది కవులు. వెతకనివాడికి సున్నా, వెతికినవాడికి 354 అని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. ఆ పండితుడు రాసిన వాక్యాన్నే తొంభై ఏళ్ల తర్వాత, సొంత ఊరి మీద, ఎక్సెల్ పట్టిక సాక్ష్యంగా నేను రాశాను. పూజ్యానికి బదులు గ్యాప్ అన్నాను, అంతే తేడా.

ఆ రాత్రి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధగంగ సైట్ తెరిచి, కీబోర్డు తెలుగుకు మార్చాను. మూడేళ్లుగా అదే సైట్‌లో ఇంగ్లిష్‌లో వెతికినవాణ్ణి, తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాలు కూడా అక్కడే ఉంటాయని తెలిసినవాణ్ణి. కీబోర్డు మార్చడానికి మూడు సెకన్లు పట్టింది. తెల్లవారేసరికి నా ఎర్ర, పచ్చ, పసుపు రంగుల్లో ఎక్కడా లేని పేర్లు రెండు పేజీలు రాసుకున్నాను. స్థలనామాల మీద, జాతరల మీద, శాసనాల మీద ఎవరెవరో ఎప్పుడో చేసిన పనులు.

మర్నాడు ఆదివారం అమ్మపల్లి వెళ్లాను, రిఫ్లెక్టర్ లేకుండా. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు, వాళ్ల పైన మకరతోరణం, దాని మీద వరుసగా దశావతారాలు. మన రామాలయాల్లో రాముడి పాదాల దగ్గర ఉండే హనుమంతుడు ఇక్కడ గర్భగుడిలో లేడు. ఇది గమనించడానికి అరనిమిషం చాలు. నేను చదివిన వ్యాసాల్లో 'సంస్కృతి' అన్న మాట వందలసార్లు వచ్చి ఉంటుంది, ఈ సంగతి ఒక్కసారీ రాలేదు. అవి రాసినవాళ్లను అని ఏం లాభం? వాళ్లూ నాలాగే కుర్చీలో కూర్చొని ఉంటారు.

బయట టీ బండి దగ్గర ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. "ఏం రాస్తున్నవ్ సార్?" అని అడిగాడు. చెప్పాను. "మా ఊరి సంగతి గూడ రాస్తవా మరి?" అన్నాడు.

"ఏ ఊరు మీది?"

"గిప్పుడు లేదు. విమానం యాడ దిగుతదో, గాడ ఉండె."

విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అయిదున్నర వేల ఎకరాల నేల అది. ఆ నేల మీద ఎవరో ఒకరు అన్నం తిని, బడికెళ్లి, బోనమెత్తి ఉంటారని నాకు తెలియక కాదు. నా నాలుగు మాటల్లో అది ఎక్కడ పడుతుందో తోచలేదు, అంతే. మరుసటి వారం ఆయన ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. రేషన్ కార్డు పెట్టుకునే కవర్, అంచులు పసుపెక్కి ఉన్నాయి. అందులోంచి ఒక్కొక్కటే తీసి టీ బండి బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా గ్లాసులు పెట్టాడు. ఊరి బడి ఇచ్చిన బోనఫైడ్. బోనాల చందా రసీదు పుస్తకంలో మిగిలిన నాలుగు కాగితాలు, వెనక వైపు ఎవరి బియ్యం ఎన్ని సేర్లో పెన్సిల్‌తో రాసిన లెక్క. దేవుడి కల్యాణం కరపత్రం, గులాబీ రంగుది, మడతల దగ్గర చిరిగి గోధుమరంగు టేపు అతికించింది. బడి మొదట గుడి అరుగు మీదే నడిచేదట. "ఎంత ఎత్తుండేది అరుగు?" అని అడిగితే అడుగులూ అంగుళాలూ చెప్పలేదు. కుర్చీలోంచి దిగి, అక్కడున్న సిమెంటు గట్టు మీద కూర్చొని, కాళ్లు ముడిచి చూపించాడు. "గిట్ల కూసుంటే పలక ఒళ్లె నిలబడాలె. గంత."

కట్టడపు కొలతల మీద ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పలకతో అరుగును కొలిచినవాణ్ణి అంతకుముందు చూడలేదు.

"ఇవన్నీ ఎందుకు దాచారు?" అని అడిగాను.

"ఏ ఆఫీసుకు వోయినా ఏ ఊరని అడుగుతరు. చెప్తె గసుంటి ఊరే లేదంటరు. ఉండెనని చూపియ్యాలె గద సార్."

ఊరి పేరు రాయమనలేదు, వద్దనలేదు. ఆయన సరేనన్నప్పుడు రాస్తాను.

థీసిస్ సమర్పణ ఏడాది వెనక్కి పోయింది, పదోన్నతి దాంతోపాటే. పెద్దత్తగారి ట్రంకుపెట్టెలో పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. మా ఆవిడే తెచ్చి టేబుల్ మీద పెట్టింది, "ఇదిగో, పుస్తకం కానిది" అంటూ. గోపురం ఎత్తు 85 అడుగులన్న వాక్యం కొట్టేశాను. సరిగ్గా ఎంతో కొలవడానికి లేజర్ మీటర్ పట్టుకొని మా పిల్లలు వచ్చే వారం వస్తున్నారు.

మీలో ఎవరిదైనా శంషాబాద్, మామిడిపల్లి, నర్కుడ, ముచ్చింతల చుట్టుపక్కలైతే, విమానాశ్రయం కిందికి పోయిన ఊళ్లలో దేనిదైనా అయితే, ఒక్క మాట. పాత జాతర కరపత్రం, బోనాల రసీదు, బడి సర్టిఫికెట్, పేరు లేని స్థలపురాణం, తెలుగైనా ఉర్దూ అయినా సరే, పండగకు ఇల్లు సర్దేటప్పుడు చెత్తలో వేయకండి. ముందు ఒక ఫోటో తీసి ఉంచండి. అందులో ఏముందో ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఈ ఆదివారమే అడగండి.