నూరేళ్లు నిండాలట!

మనిషికి నూరేళ్లు నిండితే పోతాడు. మన దేశంలో కట్టడానికి మాత్రం నూరేళ్లు నిండితేనే బతుకు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీస వయసు వందేళ్లు. కొండపాకలోని కాకతీయుల నాటి రుద్రేశ్వరాలయం ఈ పరీక్ష ఎప్పుడో పాసైంది. చిక్కంతా నడివయసు భవనాలకే. టాగూరు శతజయంతికి 1961లో హైదరాబాద్‌లో వెలసిన రవీంద్రభారతి 2061 దాకా ఊపిరి బిగబట్టుకోవాలి. ఢిల్లీలో 1972 నాటి ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌కు అక్కడి వారసత్వ జాబితాకు కావాల్సిన అరవై ఏళ్లయినా నిండలేదన్నారు. 2017లో రాత్రికి రాత్రి కూల్చేశారు. పుట్టినరోజు దాకా ఆగితే హక్కు వస్తుందేమోనని భయం కాబోలు!

పాతవి ప్రమాదకరం కదా, ప్రతి గోడనూ మొక్కుతూ కూర్చోవాలా అంటారు. అక్కర్లేదు. వయసును కాక విలువను చూసి జాబితా రాస్తే చాలు. ఇక ప్రమాదమంటారా, మరమ్మతు మనకు రాని విద్యేం కాదు. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో ముస్తాబుగా తెరిచారు. అందుకు నెల ముందే అదే నగరంలో పాత సచివాలయాన్ని కూల్చడం మొదలుపెట్టారు. ఆ శిథిలాల్లో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ కూడా కలిసిపోయింది. దాని వయసప్పుడు నూట ముప్పై రెండు.